నిషేధించిన వేటను మళ్లీ నిషేధించడం ఎందుకు? ఇంగ్లండ్ నక్కల వేట వెనుక చిక్కుముడి

బ్రిటన్ ప్రభుత్వం 2025 డిసెంబరులో జంతు సంక్షేమ విధానాన్ని ప్రకటిస్తూ, ఇంగ్లండ్, వేల్స్‌లలో ‘ట్రైల్ హంటింగ్’ను, అంటే ముందుగా వేసిన వాసన దారి వెంట వేటకుక్కలను పరిగెత్తించడాన్ని, నిషేధిస్తామని చెప్పింది. లేబర్ పార్టీ 2024 ఎన్నికల ప్రణాళికలోనే ఈ హామీ ఉంది. అయితే వేటకుక్కలతో నక్కలను తరిమి చంపడం అక్కడ 2005 నుంచీ నేరమే. ఇరవై ఏళ్ల కిందట నిషేధించిన వేటకు మళ్లీ నిషేధం ఏమిటన్న అనుమానం ఎవరికైనా రాక మానదు.

ఆ అనుమానం తీరాలంటే ముందుగా ఒక సంగతి పట్టుకోవాలి. ఈ వేటను నిషేధించిన 2004 నాటి చట్టం మొత్తం ఒకే ప్రశ్న మీద వేలాడుతోంది. కుక్కలు నక్క వెంట పడినప్పుడు, వాటిని నడిపిస్తున్న మనిషి ఉద్దేశం ఏమిటి? కుక్కలు పరిగెత్తడం అందరికీ కనిపిస్తుంది. ఉద్దేశం కనిపించదు. వేటగాళ్లకూ వారిని వ్యతిరేకించేవారికీ మధ్య రెండు దశాబ్దాల పోరు అంతా ఆ కనిపించని చోటే జరుగుతోంది.

మన పల్లెల్లో నక్క అని పిలిచే జంతువు ఎక్కువగా జాకాల్. ఈ వ్యాసంలో చెప్పే నక్క ఐరోపా ఎర్ర నక్క. కోళ్లనూ గొర్రెపిల్లలనూ ఎత్తుకుపోతుందని అక్కడి రైతులు దాన్ని తిట్టుకుంటారు. దాని తెలివిని మెచ్చుకునేదీ వాళ్లే.

గుంపులో ఎవరి పని ఏమిటి

సంప్రదాయ వేట బృందాన్ని ‘హంట్’ అంటారు. దానికి పెద్ద ‘మాస్టర్’. డబ్బు సమకూర్చడం, రైతులతో మాట్లాడి వారి పొలాల మీదుగా వెళ్లడానికి అనుమతి తెచ్చుకోవడం, ఎవరి కంచె విరిగితే వారిని సముదాయించడం ఆయన బాధ్యత. కుక్కలను నడిపేది ‘హంట్స్‌మన్’. చిన్న లోహపు బూర, గొంతు, ఈ రెండే ఆయన పనిముట్లు. ప్రతి కుక్కనూ పేరుతో గుర్తుపడతాడు. దారి తప్పిన కుక్కలను వెనక్కి మళ్లించేవారు ‘విప్పర్-ఇన్’లు. ఎర్రకోటులో, నల్లకోటులో గుర్రాల మీద వెనక వచ్చే జనాన్ని ‘ఫీల్డ్’ అంటారు. వాళ్లు చందా కట్టి స్వారీకి వస్తారు. వాళ్లలో చాలామంది రోజంతా తిరిగినా నక్కను చూడకుండానే ఇంటికి వెళ్లేవారు.

బొమ్మల్లో కనిపించని పనివాళ్లు కూడా ఉంటారు. నక్క బొరియలోకి దూరితే చిన్న టెరియర్ కుక్కను లోపలికి పంపి, మట్టి తవ్వి దాన్ని బయటికి తీసేవారిని టెరియర్‌మెన్ అంటారు. వేటకు ముందు రాత్రి బొరియల నోళ్లు మూసివేసే పని ఇంకొకరిది. పొద్దున నక్కకు తలదాచుకునే చోటు ఉండకూడదన్నది దాని ఉద్దేశం. వేట గురించి అందమైన వర్ణనలు రాసేవారు ఈ భాగాన్ని తరచుగా దాటేస్తారు.

కుక్కలను జతల్లో లెక్కపెట్టడం ఆచారం. ‘ఈ రోజు పదిహేడున్నర జతలు’ అంటే 35 కుక్కలు. ఇవి కంటితో చూసి తరమవు, ముక్కుతో వాసన పట్టి పోతాయి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాతి చిక్కంతా వాసన దగ్గరే మొదలవుతుంది.

మ్యాపులో లేని సరిహద్దులు

ఈ క్రీడకు ఆధునిక రూపం ఇచ్చినవారిలో ముందుగా చెప్పుకునే పేరు హ్యూగో మేనెల్. లెస్టర్‌షైర్‌లోని క్వార్న్ హంట్‌కు 1753 నుంచి దాదాపు అర్ధశతాబ్దం మాస్టర్‌గా ఉన్నాడు. వేగమూ ఓపికా ఉన్న కుక్కలను ఎంచి పెంచాడు. అంతకుముందు నెమ్మదిగా సాగిన వేట, గుర్రాలు కంచెలు దూకుతూ దౌడు తీసే పందెంలా మారింది. సంపన్నులకు అది పిచ్చి పట్టించింది.

హంట్‌లు పెరిగేకొద్దీ తగాదాలు పెరిగాయి. ప్రతి హంట్‌కూ ఒక ‘కంట్రీ’ ఉంటుంది, అంటే అది వేటాడే ప్రాంతం. ఈ హద్దులు జిల్లా హద్దులు కావు, ప్రభుత్వ రికార్డుల్లోనూ ఉండవు. భూమి యజమాని ఒకరు, అందులో వేటాడే ఆనవాయితీ ఉన్న హంట్ ఇంకొకటి. పక్క హంట్ హద్దు దాటితే తీర్పు ఎవరు చెప్పాలి? మొదట్లో లండన్‌లోని బూడుల్స్ అనే పెద్దమనుషుల క్లబ్బులో ఒక కమిటీ కూర్చుని తేల్చేది. 1881లో మాస్టర్లంతా కలిసి ‘మాస్టర్స్ ఆఫ్ ఫాక్స్‌హౌండ్స్ అసోసియేషన్’ పెట్టుకున్నారు. హద్దుల తగాదాలు తీర్చడం, కుక్కల వంశావళి పుస్తకం నిర్వహించడం, నియమాలు రాయడం, తప్పు చేసిన మాస్టర్‌ను శిక్షించడం దాని పనులయ్యాయి.

ఆ నియమాల్లో ప్రధానమైనది, నక్కను దాని సహజ, స్వేచ్ఛా స్థితిలోనే వేటాడాలన్నది. దాని వెనుక ఒక కథ ఉంది. 19వ శతాబ్దంలో వేట మోజు పెరిగి కొన్ని చోట్ల నక్కలు చాలకపోతే, ఐరోపా నుంచి నక్కలను దిగుమతి చేసుకునేవారు. లండన్‌లోని లెడెన్‌హాల్ మార్కెట్‌లో అవి అమ్ముడయ్యేవి. సంచిలో తెచ్చి, వదిలి, తరిమేవారు. నక్కలు తలదాచుకోవడానికి పనిగట్టుకుని చిన్న చిన్న తోపులు నాటించిన భూస్వాములూ ఉన్నారు. వేటకు కాకుండా నక్కను తుపాకీతో కాల్చిన రైతును వేట సమాజం నేరస్థుడిలా చూసేది. పంటనూ పశువునూ కాపాడటానికే ఈ వేట అన్న వాదన వినబడినప్పుడల్లా ఈ చరిత్ర గుర్తుకు రావడం సహజం. అలాగని ఆ వాదన పూర్తిగా అబద్ధమైపోదు. నక్కలను పెంచిన భూస్వామి వేరు, గొర్రెపిల్లలను పోగొట్టుకున్న కొండప్రాంతపు రైతు వేరు.

మాస్టర్ల సంఘం చేసిన పనిని 2022 నుంచి ‘బ్రిటిష్ హౌండ్ స్పోర్ట్స్ అసోసియేషన్’ చూస్తోంది. వేట ఇప్పటికీ స్వయంపాలనలోనే ఉంది. అంటే నియమాలు రాసేదీ అమలు చేసేదీ ఈ క్రీడకు చెందినవారే. సంఘం సభ్యత్వం తీసేస్తే ఆ హంట్ ఇతర హంట్‌ల మర్యాదనూ సహకారాన్నీ కోల్పోతుంది. 2023 ఆరంభంలో ఏవన్ వేల్ హంట్‌కు జరిగింది అదే. నక్కలను పట్టి కుక్కల ముందుకు విసిరిన దృశ్యాలు టీవీలో వచ్చాక సంఘం దాన్ని వెలివేసింది, హంట్ మూతపడింది. వ్యవస్థ పనిచేస్తోందనడానికి ఇదే రుజువని సమర్థకులు అన్నారు. కెమెరా లేకపోతే ఏమయ్యేదని విమర్శకులు అడిగారు. రెండు మాటలూ నిజమే కావచ్చు.

2004 చట్టం ఏం ఆపింది, ఏం వదిలేసింది

అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ ప్రభుత్వం మొదట తెచ్చిన బిల్లు పూర్తి నిషేధం కాదు. ఎక్కడ అవసరమో, ఎక్కడ బాధ తక్కువో పరీక్షించి వేటకు లైసెన్సు ఇవ్వాలన్నది దాని ఆలోచన. దిగువ సభ సభ్యులు 2003లో దాన్ని పూర్తి నిషేధంగా మార్చేశారు. ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. ఎగువ సభ బిల్లును ఆలస్యం చేయగలదే కానీ ఎప్పటికీ ఆపలేదని చెప్పే 1911, 1949 పార్లమెంట్ చట్టాలను చివరికి వాడారు. 2004 నవంబరు 18న ‘హంటింగ్ యాక్ట్’ ఆమోదం పొందింది, 2005 ఫిబ్రవరి 18న అమల్లోకి వచ్చింది. ఆ దారిలో చట్టం చేయడమే చెల్లదని వేట పక్షం కోర్టుకెక్కింది. 2005 అక్టోబరులో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న లార్డ్స్ న్యాయమూర్తులు చట్టం చెల్లుతుందన్నారు. వేట తగాదా పుణ్యమా అని బ్రిటిష్ రాజ్యాంగ న్యాయంలో ఒక పెద్ద తీర్పు పుట్టింది.

చట్టం సారం చిన్నదే. కుక్కతో అడవి క్షీరదాన్ని వేటాడటం నేరం, మినహాయింపు ఉంటే తప్ప. ఆ మినహాయింపులే అసలు కథ. పశువులకు నష్టం ఆపడం వంటి కారణాలకు, రెండు కుక్కలకు మించకుండా నక్కను దాగున్న చోటి నుంచి బయటికి తరిమి, వెంటనే కాల్చి చంపవచ్చు. పక్షులను కాపాడే పేరుతో బొరియలోకి ఒక కుక్కను పంపవచ్చు. డేగ వంటి వేటపక్షి చేత పట్టించడానికైతే, జంతువును బయటికి తరిమేందుకు రెండుకు మించి కుక్కలను వాడవచ్చు. ఈ చివరి వెసులుబాటు చూసి కొన్ని హంట్‌లు ఒక పెద్ద డేగను వెంటబెట్టుకుని బయలుదేరాయి. ఎలుకలు, కుందేళ్ల మీద కొన్ని వెసులుబాట్లు వేరే ఉన్నాయి. నేరం రుజువైతే జైలు లేదు, జరిమానా మాత్రమే.

ఇక వాసనను తరమడం గురించి చట్టం ఒక్క మాటా చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, అది జంతువు కాదు కనుక.

ఒకే ఉదయం, మూడు కథలు

ఇక్కడ రెండు పద్ధతులను విడదీసి చూడాలి. ‘డ్రాగ్ హంటింగ్’ పాతది, 19వ శతాబ్దం నుంచీ ఉంది. సోంపు నూనె వంటి కృత్రిమ వాసనను ఒక దారి పొడవునా పూసి, దాని వెంట కుక్కలను వదులుతారు. దారి ముందే తెలుసు, నక్కలుండే చోట్లు తప్పిస్తారు, కుక్కలకు నక్క వాసన అలవాటు చేయరు. దాని మీద ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేదు. ‘ట్రైల్ హంటింగ్’ 2005 నిషేధం తర్వాతే ప్రాచుర్యంలోకి వచ్చింది. ఇందులో వాడేది తరచుగా నక్క వాసనే. దారి వేసేది నక్కలు తిరిగే తోపుల్లో, కంచెల వెంట. అసలు వేటలాగే ఉండాలని దారి ఎక్కడుందో హంట్స్‌మన్‌కు చెప్పరు. కుక్కల అలవాటు పోకుండా, నిషేధం ఎత్తేస్తే మళ్లీ మొదలుపెట్టేందుకు వీలుగా ఇలా చేస్తున్నామని హంట్‌ల వాదన.

ఇప్పుడొక ఊహా సన్నివేశం చూద్దాం. నవంబరు ఉదయం, లెస్టర్‌షైర్‌లో ఒక తోపు. అరగంట కిందట ఒక మనిషి క్వాడ్ బైక్ వెనక నక్క వాసన పట్టిన గుడ్డను వాగు దాకా ఈడ్చుకుపోయాడు. పదిహేడున్నర జతల కుక్కలను తోపులోకి వదిలారు. కుక్కలు గొంతెత్తి వాగు వైపు పోయాయి, కంచె దగ్గర ఉన్నట్టుండి ఎడమకు తిరిగి కొండవైపు దౌడు తీశాయి. కొద్ది నిమిషాల్లో పొలం చివర ఒక నక్క పరిగెడుతూ కనిపించింది.

రోడ్డు మీద నుంచి చూసేవారికి ఇదొక్కటే దృశ్యం. కానీ వెనుక కథ మూడు రకాలుగా ఉండవచ్చు. కుక్కలు తాము పట్టిన వాసన వెంటే పోతుండగా, ఆ దారిలో నక్క కాకతాళీయంగా లేచి ఉండవచ్చు. లేదా నిజమైన నక్క వాసన తగిలి కుక్కలు దారి తప్పి ఉండవచ్చు, హంట్స్‌మన్ వాటిని ఆపలేకపోయి ఉండవచ్చు. లేదా ఆ గుడ్డ ఈడ్చడమంతా కెమెరాల కోసం చేసిన తంతు కావచ్చు. మొదటి రెండు నేరాలు కావు. మూడోది నేరం. కోర్టు దృష్టిలో వేట అంటే కావాలని చేసేదే.

అందుకే ఇటువంటి కేసుల్లో చిన్న చిన్న ఆనవాళ్లు పెద్ద సాక్ష్యాలవుతాయి. బూర ఏ పిలుపు పలికింది? నక్క బయటపడింది, పదండి అని కుక్కలను ఉసిగొల్పే పిలుపు వేరు, ఆగి వెనక్కి రమ్మనే పిలుపు వేరు. విప్పర్-ఇన్ కుక్కల ముందుకు వెళ్లి అడ్డుకున్నాడా, లేక పక్కన నిలబడి చూశాడా? ఎంతసేపు ఎవరూ ఏమీ అనలేదు? వేటను వ్యతిరేకించే బృందాలు చలిలో కెమెరాలు పట్టుకుని పొదల వెంట తిరిగేది ఈ క్షణాల కోసమే.

కోర్టుల్లో ఉద్దేశం ఎటు తేలింది

ఎక్స్‌మూర్ ఫాక్స్‌హౌండ్స్ అనే హంట్‌కు చెందిన హంట్స్‌మన్ కేసులో 2009లో హైకోర్టు రెండు ముఖ్యమైన మాటలు చెప్పింది. జంతువు కోసం వెతికినంత మాత్రాన అది ‘వేట’ కాదు. తాను మినహాయింపు కిందే చేశానని నిందితుడు ఆధారం చూపితే, అది అబద్ధమని నిరూపించే భారం ప్రాసిక్యూషన్‌దే. ఈ రెండూ కలిసి కేసులు నడపడాన్ని బాగా కష్టం చేశాయి.

కష్టం ఎంతో హేథ్రాప్ హంట్ కేసు చూపింది. 2012లో జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ సొంతంగా ఆ హంట్‌పై కేసు వేసి గెలిచింది. హంట్‌కూ ఇద్దరు వ్యక్తులకూ పడిన జరిమానా కొన్ని వేల పౌండ్లు. సంస్థకైన ఖర్చు దాదాపు 3.3 లక్షల పౌండ్లు. జడ్జి కూడా ఆ ఖర్చు చూసి విస్తుపోయారు.

మరో కేసు క్రీడ పాలననే బోనెక్కించింది. మాస్టర్ల సంఘం డైరెక్టర్ 2020 ఆగస్టులో సభ్యుల కోసం నిర్వహించిన ఆన్‌లైన్ సమావేశాల రికార్డులు బయటికొచ్చాయి. వాసన దారిని ముసుగుగా వాడుకోవడం ఎలాగో ఆయన చెబుతున్నారని ప్రాసిక్యూషన్ ఆరోపించింది. నిరసనకారులను తప్పుదారి పట్టించడం గురించే మాట్లాడానని ఆయన అన్నారు. 2021 అక్టోబరులో మేజిస్ట్రేట్ కోర్టు దోషిగా తేల్చి జరిమానా వేసింది. 2022 జులైలో అప్పీలులో ఆ తీర్పు రద్దయింది, ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. ఈలోగా పెద్ద భూయజమానులు వెనక్కి తగ్గారు. చారిత్రక కట్టడాలనూ భూములనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ, తన సభ్యులు ఓటేశాక, 2021లో తన భూముల్లో ట్రైల్ హంటింగ్‌కు లైసెన్సులు ఇవ్వడం మానేసింది. కోర్టులో గెలిచినా నేల మీద ఓడటమంటే ఇదే.

మన దగ్గర సంక్రాంతి కోడిపందేల సంగతి తెలిసినవారికి ఈ పరిస్థితి కొత్తగా అనిపించదు. చట్టం ఒకవైపు, ఆనవాయితీ ఒకవైపు, మధ్యలో ఏం చేయాలో తోచని పోలీసు. తేడా ఒక్కటే, ఇంగ్లండ్‌లో అందరూ చట్టం పాటిస్తున్నామనే అంటారు.

రెండు పక్షాల మాటలో బలం ఎంత

లార్డ్ బర్న్స్ నేతృత్వంలోని విచారణ సంఘం 2000లో ఇచ్చిన నివేదికను ఇరుపక్షాలూ తమకు కావలసిన చోట చదువుకుంటాయి. తరిమి చంపడం నక్క సంక్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని అందులో ఉంది. అది క్రూరత్వమని మాత్రం నివేదిక అనలేదు. హంట్‌లు చంపే నక్కలు ఏటా 21,000 నుంచి 25,000 ఉంటాయని, వేటపై 6,000 నుంచి 8,000 పూర్తికాలపు ఉద్యోగాలు ఆధారపడ్డాయని అంచనా వేసింది. తుపాకీ, ఉచ్చు వంటి ఇతర పద్ధతులకూ వాటి బాధలు వాటికున్నాయనీ గుర్తించింది. కాల్చినప్పుడు గాయపడి తప్పించుకున్న నక్క రోజుల తరబడి చావవచ్చని, కుక్కల చేతిలో అయితే చావు క్షణాల్లో వస్తుందని వేట సమర్థకులు ఇక్కడే పట్టుకుంటారు. క్షణాల మాట నిజమే కావచ్చు, దానికి ముందు తరిమిన సమయాన్ని ఎందుకు లెక్కపెట్టరని ఎదుటివారు అడుగుతారు.

నక్కల సంఖ్యను అదుపులో ఉంచేది వేటే అన్న వాదనకు అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి ప్రబలి దాదాపు ఏడాదిపాటు వేట ఆగిపోయింది. 2002లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ కాలంలో నక్కల సంఖ్య చెప్పుకోదగ్గంత పెరగలేదు. అధ్యయన పద్ధతిపై తర్వాత అభ్యంతరాలొచ్చాయి. నా మట్టుకు, సంఖ్య వాదన బలహీనమైనదే. బలమైన వాదన వేరే ఉంది. పల్లెల్లో ఒక జీవన విధానాన్ని, దాని గురించి తెలియని నగరాల ఓట్లతో తుడిచేస్తున్నారన్న కోపం అది. 2002 సెప్టెంబరులో లండన్‌లో దాదాపు నాలుగు లక్షల మంది ఊరేగింది ఆ కోపంతోనే. అయితే నిషేధం కోరేవారిలో పల్లెవాసులూ ఉన్నారు. కుక్కల గుంపు ఒక ఇంటి పెరట్లోకి దూరి పిల్లిని చంపితే, ఆ ఇంటివారికి సంప్రదాయం మీద గౌరవం నిలవదు.

రాజకీయ నాయకులకూ ఇది అచ్చిరాలేదు. 2015లో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ రెండు కుక్కల పరిమితిని సడలించబోయి, స్కాటిష్ నేషనల్ పార్టీ వ్యతిరేకించడంతో ఓటింగ్ విరమించుకున్నారు. నిషేధం తెచ్చిన బ్లెయిర్ తర్వాత తన జ్ఞాపకాల్లో అందుకు విచారం వ్యక్తం చేశారు.

స్కాట్లాండ్ ముందే నడిచిన దారి

స్కాట్లాండ్ 2002లోనే నిషేధించింది, కానీ కుక్కల గుంపుతో నక్కను బయటికి తరిమి కాల్చే వీలుంచింది. అది దుర్వినియోగమవుతోందన్న విమర్శలతో 2023లో కొత్త చట్టం తెచ్చింది. రెండుకు మించి కుక్కలు కావాలంటే అక్కడి ప్రకృతి సంరక్షణ సంస్థ నేచర్‌స్కాట్ లైసెన్సు తప్పనిసరి. ట్రైల్ హంటింగ్ నిషేధం. ఫలితంగా కొన్ని హంట్‌లు మూతపడ్డాయి. ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం కుక్కలతో నక్కల వేట చట్టబద్ధమే, 2021లో నిషేధం బిల్లు సభలో ఓడిపోయింది. ఐర్లాండ్ గణతంత్రంలోనూ వేట సాగుతోంది. ఒకే ద్వీపసమూహంలో హద్దు దాటితే నేరం ఆటగా మారుతుంది.

ఈ ఆట మన దేశానికీ వచ్చింది. బ్రిటిష్ అధికారులు ఊటీలో 19వ శతాబ్దంలోనే హంట్ పెట్టుకుని, వెన్లాక్ డౌన్స్ గడ్డిమైదానాల్లో ఫాక్స్‌హౌండ్లతో జాకాల్‌లను తరిమేవారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు అక్కడ ఆ వేటకు చట్టబద్ధమైన చోటు లేదు. మన చట్టం మూలంలో అడిగేది ఏ జంతువన్నదే. నడిపేవారి ఉద్దేశం తర్వాతి సంగతి.

ఇంగ్లండ్ ఇప్పుడు ఉద్దేశాన్ని నిరూపించే బాధ్యత నుంచే తప్పుకోవాలని చూస్తోంది. నక్క వాసనను దారిగా వేయడమే నేరమైతే, కుక్కలు ఎందుకు తిరిగాయి, బూర ఏ పిలుపు పలికింది అని వాదించుకోవలసిన పని చాలావరకు తప్పుతుంది. కానీ గీత గీయాల్సిన చోటు అంత సులభంగా లేదు. సోంపు నూనెతో డ్రాగ్ హంటింగ్ ఉండవచ్చు, నక్క వాసనతో ట్రైల్ హంటింగ్ ఉండకూడదు అంటే, రెండిటి మధ్య గీత వాసన రసాయనంలోనా, దారి వేసే చోటులోనా, హంట్స్‌మన్‌కు ముందే తెలియడంలోనా? వాసన ఒక్కటే కొలమానమైతే హంట్‌లు వాసన మార్చుకుంటాయి. చోటు కొలమానమైతే డ్రాగ్ హంటింగ్ వారు కూడా చిక్కుల్లో పడతారు. ఈ ఆటకే పెంచిన వేల కుక్కల సంగతేమిటన్నది మరో ప్రశ్న. తరతరాలుగా గుంపుల్లో బతికిన ఈ కుక్కలు ఇళ్లలో పెంచుకోవడానికి ఇమడవని హంట్‌లు అంటాయి. కొన్నిటికి ఇళ్లు దొరికాయని జంతు సంస్థలు బదులిస్తాయి.